వెయ్యో పున్నమి

తార్నాక, హైదరాబాద్
5 ఫిబ్రవరి 2026

చిట్టీ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు పార్కులో ఉన్నాను. చుట్టూ అరవై డెబ్బై మంది, పిల్లల గోల, నీ మాట సగం వినపడలేదు. "తర్వాత చేస్తానే" అని పెట్టేశాను. తర్వాత చేయలేదు. చేస్తే "బాగా జరిగిందే, నువ్వు లేని లోటే" అని నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నాకు అలా అయిపోవడం ఇష్టం లేదు. అందుకే ఈ నాలుగు రోజులూ రాత్రిళ్లు కూర్చుని ఇది రాస్తున్నాను. పురుటింట్లో నీకు తీరిక ఉండదని తెలుసు. పాప నిద్రపోయినప్పుడల్లా కాస్త కాస్త చదువుకో.

ముందు లెక్క చెబుతాను, నీకు లెక్కలంటే ఇష్టం కనక. అమ్మ పుట్టింది పార్థివ నామ సంవత్సరం చైత్రంలో, శ్రీరామనవమి వెళ్లిన మూడోనాడు. అంటే 1945 ఏప్రిల్. ఆ నెల 27న పున్నమి. అదీ ఆవిడ మొదటి పున్నమి. ఏడాదికి పన్నెండు చొప్పున వేసుకుంటే ఎనభై ఏళ్లకి 960 అవుతాయి గదా, మరి సహస్ర చంద్ర దర్శనం ఎనభై ఒకటో ఏట ఎలా చేస్తారని నాకు ఎప్పటినుంచో అనుమానం. అధిక మాసాల సంగతి మర్చిపోయాను. పందొమ్మిదేళ్లకి ఏడు అధిక మాసాలు వస్తాయి. అమ్మ ఎనభై ఏళ్లలో అలాంటివి 29 వచ్చాయి. మొదటి పున్నమిని కూడా కలుపుకుంటే నిరుటి చైత్ర పున్నమికి 990. అక్కణ్ణించి వైశాఖం మొదలు మాఘం దాకా పది. ఫిబ్రవరి ఒకటి, ఆదివారం, మాఘ పున్నమి. సరిగ్గా వెయ్యోది.

క్యాలెండరు వెనక పెన్సిలుతో ఇదంతా వేసి, సంబరంగా తీసుకెళ్లి అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంకెలన్నీ వేలితో కూడింది. కూడి, కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"గడిచినవి వెయ్యి. బానే ఉంది. చూసినవి ఎన్నే?" అంది.

నేను మాట్లాడలేదు.

"ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మబ్బులకే పోయాయి. నీ పురుడికీ తమ్ముడి పురుడికీ గదిలోనే ఉన్నాను. మీ నాన్న ఆస్పత్రిలో ఉన్న ఏడాది ఏ పున్నమి ఎటు పోయిందో తెలీదు. మొన్న సెప్టెంబరులో గ్రహణం పట్టింది, తలుపులు వేసుకున్నాను. ఈ ఊరొచ్చి పదిహేడేళ్లయింది. ఈ ఇంట్లోంచి చంద్రుడు కనిపించాడా ఎప్పుడైనా?"

నిజమే చిట్టీ. నువ్వు మా ఇల్లు చూశావు. రెండో అంతస్తు. తూర్పున అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచాక మాకు చంద్రోదయం అనేదే లేదు. చంద్రుడు దాని నీళ్లట్యాంకు దాటి నడినెత్తికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి అమ్మ రెండో నిద్రలో ఉంటుంది. మన ఊళ్లో పున్నమి వెళ్లిందంటే అరుగుల మీద ఎవరు ఏం మాట్లాడుకున్నారో కూడా గుర్తుండేది. ఇక్కడ పున్నమి తెలిసేది క్యాలెండరులోనే.

అప్పటికే ఫంక్షన్ హాలు మాట్లాడేశాం. తమ్ముడు అడ్వాన్సు కూడా ఇచ్చాడు. ఆ హాలు అలంకరణ చేసే అబ్బాయి మంచివాడే, కష్టపడే పిల్లాడు. సహస్ర చంద్ర దర్శనం అని చెప్పగానే, "స్టేజి వెనక పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్ పెడతాం మేడమ్, దాని మీద పున్నమి చంద్రుణ్ణి తిప్పుతాం, చుట్టూ వెయ్యి సీరియల్ బల్బులు" అన్నాడు. అమ్మ మాట విన్న మర్నాడే నాకు అది గుర్తొచ్చి కడుపులో తిప్పినట్టయింది. తలుపులు మూసి, ఏసీ వేసి, బయట ఆకాశంలో అసలు చంద్రుడు ఉండగా మనం లోపల తెర మీద బొమ్మని చూపించబోయాం. ఎనభై ఏళ్ల మనిషికి. అడ్వాన్సు పోతే పోయిందని హాలు వద్దనుకున్నాం. పార్కులో చేద్దామన్నాను.

ఇంకో మాట కూడా నీకు చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. బంధువుల్లో ఒకావిడ ఫోన్లో, "దంపతులుగా ఉంటే ముచ్చటగానే ఉండేది, ఇప్పుడు ఒక్క మనిషికి ఇవన్నీ ఎందుకు, అందులోనూ దీపాలూ అవీ" అంది. ఫోన్ స్పీకరులో ఉంది. అమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. తలెత్తలేదు. నాన్న పోయిన ఈ పద్దెనిమిదేళ్లలో పేరంటాలకి పిలవకపోయినా, పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చోమన్నా అమ్మ ఒక్క మాట అనలేదు. కానీ ఈ మాటకి నా ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. మా పురోహితుడు గారిని అడిగితే, "ఇది ఆయుష్షుకి చేసే శాంతి అమ్మా, పుట్టిన ప్రతి మనిషికీ పున్నములు గడుస్తాయి" అన్నారు. ఆదివారం పొద్దున్న ఇంట్లో హోమం ఆయనే చేయించారు. అమ్మ నీలం అంచు నేత చీర కట్టుకుని కూర్చుంది. అది శాస్త్రోక్తంగా, క్లుప్తంగా, పది గంటలకల్లా అయిపోయింది.

ఇక పార్కు సంగతి. కాలనీ పార్కు నువ్వు చూసిందే, పోయిన మార్చిలో మనిద్దరం పొద్దున్నే నడిచాం. మధ్యలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు, చుట్టూ కానుగలూ వేపలూ, సిమెంటు ఇటుకల నడక బాట, ఒక మూల జిమ్ము సామాను. వీటన్నిటి నెత్తిన ఆ హైమాస్ట్ లైటు. సోడియం దీపాల పసుపు పోయి ఎల్‌ఈడీల తెలుపు వచ్చాక రాత్రి కూడా ఆ పార్కులో సూది పడితే కనిపిస్తుంది. కానీ తల పైకెత్తితే ఆకాశం బూడిదరంగులో ఉంటుంది. నాలుగు చుక్కలు కూడా లెక్కపెట్టలేం. దీపాల పండగ చేయాలని బయల్దేరిన నాకు మొట్టమొదట కావలసి వచ్చింది చీకటి.

దాని కోసం లైట్లు చూసే ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. ఎవరినీ తప్పు పట్టను, అక్కడివాళ్లకి ఇది కొత్త. "లైటు కావాలంటే రాసివ్వండమ్మా, వేయిస్తాం. లైటు తీసెయ్యమని నా సర్వీసులో ఎవరూ అడగలేదు. ఏమని రాసుకోవాలి?" అన్నాడు అక్కడి గుమాస్తా. నిజంగానే ఆ ఫారంలో అలాంటి గడి లేదు. కొత్త దీపం, పాడైన దీపం, ఊగుతున్న స్తంభం, ఇవే ఉన్నాయి. చివరికి తెల్లకాగితం మీద అమ్మ వయసు, పున్నమి లెక్క, అంతా రాశాను. ఆ పై అధికారి రెండుసార్లు చదివాడు. "మా అమ్మమ్మ కూడా పున్నమికి డాబా మీద పడుకోబెట్టేది" అని, ఏడు నుంచి ఏడున్నర దాకా అని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికి సంతోషంగా వచ్చి ఆ మాట చెబితే, పార్కు గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ భార్య మొహం ముడుచుకుంది. "చీకటి జేస్తే ఆడోళ్లు వాకింగుకి ఎట్ల వస్తరమ్మా? మా బిడ్డ ట్యూషన్ నుంచి ఈ పార్కు లోపల్నించే వస్తది" అంది. నాకు సిగ్గేసింది. చీకటి నాకు వెన్నెల, ఆ పిల్లకి భయం. ఆ దీపం కోసం ఈ కాలనీ ఆడవాళ్లే ఒకప్పుడు అర్జీలు పెట్టుకున్నారు. అందుకని అరగంట కంటే ఒక్క నిమిషం ఎక్కువ అడగకూడదనుకున్నాం. రోడ్డు పక్క బాట దీపాలు అలాగే ఉంచాం. రెండు గేట్ల దగ్గరా మా అల్లుడు, తమ్ముడు, కాలనీ కుర్రాళ్లు టార్చిలైట్లతో నిలబడ్డారు. ఆ ట్యూషన్ పిల్లని పిలిచి మొదటి గేటు దగ్గర దీపాల బాధ్యత అప్పజెప్పాను.

చెట్టుకి సీరియల్ సెట్లు చుడదామని మనవడి ఆశ. వాచ్‌మనే వద్దన్నాడు. సందె వేళకి గోరింకలన్నీ ఆ నిద్రగన్నేరు మీదే వాలతాయి, కొమ్మల్లో దీపాలు వెలిగితే రాత్రంతా అరుస్తాయిట. పెళ్లి వాళ్లు ఎవరో నిరుడు అలాగే చేస్తే తెల్లారి గుడ్లు కింద పడి ఉన్నాయని చెప్పాడు. గాలిలోకి వదిలే కాగితం లాంతర్లకి నేనే ఒప్పుకోలేదు. నిప్పుతో పైకి పోయింది ఎవరి ఇంటి మీద, ఏ తీగ మీద దిగుతుందో మన చేతిలో ఉండదు. మనవడు ఒక రోజు అలిగాడు.

మిగిలినవి ప్రమిదలు. వెయ్యి పెడదామన్నాను. "ప్రమిదకి చిన్న గరిటెడు పోసినా పది లీటర్ల నూనె. ఆ నూనెతో ఎంతమందికి పులిహోర అవుతుందో తెలుసా?" అంది అమ్మ. నూటపదహార్లు చాలంది. మాఘ మాసంలో ప్రమిదలు ఎవరమ్ముతారు? ఉప్పల్ దారిలో ఒక కుమ్మరాయన దగ్గర దీపావళికి మిగిలినవి దొరికాయి. శనివారం రాత్రి వాటిని బకెట్ల నీళ్లలో నానేశాం. పొడి ప్రమిద నూనె తాగేస్తుంది, నీళ్లు తాగిన ప్రమిద తాగదు. అమ్మ నువ్వుల నూనెలో ఆముదం కలిపింది, నింపాదిగా కాలుతుందని. వత్తుల కొసలకి కర్పూరం పొడి అద్దింది, గాలిలో కూడా చప్పున అంటుకుంటుందని. ఈ పనులన్నీ ఆ వేళ్లకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. తొంభై ప్రమిదలకి వత్తులు వేసేసరికి నా నడుం పడిపోయింది, ఆవిడ ఇంకా పీట మీదే కూర్చుని ఉంది.

ఇప్పుడు నీ సంగతి. అటక మీంచి మన లాంతరు దింపాను. అవునే, అదే. పిడి ఒక పక్క రాగితీగతో కట్టి ఉంటుంది చూడు, నువ్వు కిందపడేసినప్పుడు నాన్న కట్టింది. చిమ్నీ లోపల మసి గట్టిపడి నల్లగా ఉంది. నా చెయ్యి దూరలేదు. మా అమ్మాయి చెయ్యీ దూరలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ప్రతి సాయంత్రం ఆ చిమ్నీ తుడిచే పని నీదే. మా ఇంట్లో పిల్లవి కాకపోయినా, అందరిలోకీ నీ చెయ్యి చిన్నదని అమ్మ నిన్నే పిలిచేది. గచ్చు మీద కూర్చుని ముగ్గుపిండి చిటికెడు వేసి, పాత పంచె ముక్క లోపలికి తోసి, మణికట్టు దాకా చెయ్యి పెట్టి గుండ్రంగా తిప్పేదానివి. తర్వాత నోటితో ఆవిరి ఊది, వెలుతురుకి పెట్టి చూసుకునేదానివి. ఒక్క మరక ఉన్నా మళ్లీ మొదలుపెట్టేదానివి. ఆదివారం ఆ పని నా ఆరేళ్ల మనవరాలు చేసింది. నువ్వు చేసినట్టే చేయమని అమ్మ దగ్గరుండి చెప్పింది. "చిట్టి ఆవిరి ఊదేది, నువ్వూ ఊదు" అంది. దానికి చిట్టి ఎవరో తెలీదు, కానీ ఊదింది.

సాయంత్రం అయిదింటికి జనం రావడం మొదలైంది. మేడారం జాతర ముందు రోజే ముగిసింది. వాచ్‌మన్ భార్య పుట్టింటివాళ్లు అక్కణ్ణించి తెచ్చిన బంగారం, అదేనే, బెల్లం, ఒక అచ్చు తీసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని పరమాన్నంలో వేయించింది. సూర్యుడు ఆరుంబావు దగ్గర కిందికి దిగాడు. చంద్రుడు అప్పటికే ఆ అపార్ట్‌మెంటు వెనక ఎక్కడో ఉదయించే ఉంటాడు, మాకు కనపడడు. నిద్రగన్నేరు ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆ చెట్టు సందె పడగానే ఆకులు జోడించుకుంటుందని తెలుసు గానీ, కింద కూర్చుని ఎప్పుడూ చూడలేదు. పగలంతా గొడుగులా ఉన్న చెట్టు అరగంటలో జల్లెడ అయిపోయింది.

మొదటి దీపం ఎవరు పెట్టాలనే ప్రశ్నే నేను రానివ్వలేదు. లాంతరు అమ్మ చేతికి ఇచ్చాను. ఆవిడ దాని నుంచి ఒక వత్తి అంటించుకుని, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి, నడక బాట గట్టు చాటున ఉన్న మొదటి ప్రమిద వెలిగించింది. ఆ అరచెయ్యి మధ్యలోంచి వెలుగు ఎర్రగా కనిపించింది, నరాలతో సహా. ఎన్నేళ్లయింది చిట్టీ, నలుగురిలో అమ్మ చేత్తో మొదటి దీపం పెట్టడం చూసి! ఆవిడ తర్వాత నా కూతురు, కోడలు, కాలనీ ఆడవాళ్లు, ట్యూషన్ పిల్ల, ఒకరి నుంచి ఒకరు అంటించుకుంటూ బాట పొడుగునా వెళ్లారు.

పిల్లలు కేకు తెచ్చారు. దాని మీద కొవ్వొత్తి ఊదమంటే, "దీపాన్ని నోటితో ఊదకూడదమ్మా" అని అమ్మ దాన్ని తీసి ప్రమిదల వరసలో నిలబెట్టింది. అది అక్కడే కాలి, అక్కడే కొండెక్కింది. పిల్లలు కూడా ఏమీ అనుకోలేదు, కేకు దొరికింది గదా.

ఏడింటికి హైమాస్ట్ లైటు ఆగింది.

ముందు ఏమీ కనపడలేదు. అందరూ ఒక్కసారి నిశ్శబ్దం అయ్యారు. ఒక పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుందని మా అల్లుడు చెబుతూనే ఉన్నాడు. మెల్లిగా ప్రమిదలు పెద్దవయ్యాయి. వాటి వెనక మొహాలు వచ్చాయి. తర్వాత చెట్ల మొదళ్లు. కానీ తూర్పున ఆ అపార్ట్‌మెంటు బాల్కనీలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ముందు రోజు గేట్లో కాగితం అంటించి, ఆ అరగంట బాల్కనీ లైట్లు ఆర్పితే మేలు అని రాశాం. ఎవరు చదివారో ఎవరు చదవలేదో. చూస్తూ ఉండగా మూడో అంతస్తులో ఒకటి ఆరింది. తర్వాత కింద ఒకటి. నాలుగో అంతస్తులో ఒకామె బాల్కనీలోకి వచ్చి, కిందికి చూసి, లోపలికి వెళ్లి ఇల్లంతా ఆర్పేసింది. అది చూసి పక్కవాళ్లు. అయిదు నిమిషాల్లో ఆ గోడంతా నల్లగా అయింది. నీళ్లట్యాంకు అంచు మాత్రం తెల్లగా మెరవడం మొదలుపెట్టింది.

ఏడూ పదిహేనుకి చంద్రుడు ట్యాంకు పక్క నుంచి బయటికొచ్చాడు. జల్లెడలాంటి చెట్టులోంచి వెన్నెల గడ్డి మీద పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఫోన్లు ఎత్తలేదు. ఎందుకనో ఆ కాసేపు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇంత తెల్లగా ఉన్నాడేమిటే? పసుపుగా ఉండేవాడు గదా" అంది.

నాకు గుండె ఝల్లుమంది. ఏడాదిన్నర కింద రెండు కళ్లకీ శుక్లాలు తీశారు గదా. ముదిరిన శుక్లం పసుపుపచ్చ అద్దంలా ఉంటుందనీ, అది తీసేస్తే తెలుపు తెలుపులా, కాస్త నీలంగా కూడా కనిపిస్తుందనీ అప్పుడు డాక్టరు చెప్పాడు. ఆ కొత్త కళ్లతో ఆవిడ నిండు చంద్రుణ్ణి చూడడం ఇదే మొదలు. చంద్రుడి పైన మెరుస్తున్నది గురుడని అల్లుడు చూపిస్తే, అమ్మ చెయ్యి తిప్పి వరసగా ఉన్న మూడు చుక్కలు చూపించి, "అదుగో గొల్లకావడి, అదీ కనపడుతోంది నాకు" అంది. తర్వాత కొంగు అంచు వెతికి, గోటితో ఒక దారప్పోగు లాగి, చంద్రుడి వైపు ఎత్తి వదిలింది. "విదియ నాడు ఇవ్వాల్సింది. ఇన్నేళ్ల బాకీ" అంది. నూలుపోగు అని మనం మాటవరసకి అంటూ ఉంటాం. అది గాలిలో అలా పోవడం, పోయేటప్పుడు మెరవడం చూశాను.

ఆ చీకట్లోనే అందరం కింద జంపఖానాల మీద కూర్చున్నాం. పెద్ద బేసిన్లో పప్పన్నం, ఆవకాయ, నెయ్యి వేసి అమ్మ కలిపి ముద్దలు చేసి పెట్టింది. ఏ చెయ్యి ఎవరిదో తెలీదు, చాపిన చేతిలో ముద్ద పెట్టడమే. మా కాలనీలో రిటైరైన ఆఫీసరు గారొకరు ఉన్నారు, ఎవరితోనూ కలవరు. ఆయన రెండోసారి చెయ్యి చాపారు.

అప్పుడు పిల్లలు అడిగారు, ఇన్ని పున్నముల్లో నీకు బాగా గుర్తున్నది ఏది తాతమ్మా అని. చంద్రుడి మీద మనిషి దిగినప్పటిది చెబుతుందనుకున్నాను, 1969 జులై, ఆ తర్వాత వచ్చిన పున్నమి ఆవిడకి 301వది, నేను లెక్క వేసి పెట్టుకున్నాను కూడా. ఆవిడ చెప్పింది అది కాదు. 1977 కార్తీక పున్నమి.

నీకు గుర్తుందా? నవంబరు 19న తుపాను. దివిసీమలో ఊళ్లకి ఊళ్లే పోయాయి. మన ఊరు పైన ఉంది కాబట్టి ప్రాణాలతో మిగిలాం. కరెంటు స్తంభాలు చేలల్లో పడుకున్నాయి. కిరసనాయిలు దొరకలేదు. ఆరు రోజులకి పున్నమి వచ్చింది. ఆ ఏడు కాలవలో ఎవరూ దీపాలు వదల్లేదు. కానీ కోతకొచ్చిన వరి నీళ్లలో నాని మొలకెత్తుతోంది. పగలూ రాత్రీ చూసుకోకుండా ఊరంతా చేలోకి దిగి పనలు గట్టుకి చేర్చి తిరగేశారు. వెలుతురు ఆ చంద్రుడిదే. లాంతరులో ఉన్న కాస్త నూనె అయిపోకూడదని అమ్మ దాన్ని వెలిగించలేదట. "ఆ రాత్రి వెన్నెల లేకపోతే మాకు ఆ ఏడు తిండిగింజలు లేవు" అంది పిల్లలతో. మనిద్దరం గట్టు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చున్నాం, పదకొండేళ్లు మనకి. నాకు చలి గుర్తుంది. నీళ్లలో చంద్రుడు కదులుతుంటే పనలు మోసేవాళ్ల కాళ్లు గుర్తున్నాయి. అది అమ్మకి 404వ పున్నమి. ఇంటికొచ్చాక లెక్క చూశాను.

ఏడున్నరకి హైమాస్ట్ మళ్లీ వెలిగింది. "అయ్యో" అన్నారు అందరూ, పెద్దా చిన్నా. చంద్రుడు అక్కడే ఉన్నాడు గానీ పల్చబడిపోయాడు. బాట మీద ప్రమిదలు కూడా వెలవెలబోయాయి. మాట ఇచ్చాం కాబట్టి ఎవరం కిక్కురుమనలేదు. ప్రమిదలన్నీ కొండెక్కేదాకా తమ్ముడూ నేనూ కూర్చుని, చల్లారాక ఏరుకుని, నూనె కారిన చోట ఇసుక చల్లి తుడిచి వచ్చాం. పొద్దున్నే ముసలివాళ్లు ఆ బాట మీద నడుస్తారు, జారకూడదు.

మేం సామాను సర్దుకుంటుంటే ఆ నాలుగో అంతస్తు ఆమె కిందికి వచ్చింది. ఎవరో తెలీదు, ఎప్పుడూ పలకరించుకోలేదు. అమ్మ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుని, "మా బిల్డింగు మీకు చంద్రుడికి అడ్డమొచ్చిందని ఈ రోజే తెలిసింది. లిఫ్టు టెర్రస్ దాకా వస్తుంది. ప్రతి పున్నమికీ రండి" అంది. అమ్మ వెంటనే, "వచ్చే పున్నమి ఎప్పుడే?" అని నన్ను అడిగింది.

అదే నీకు అర్జెంటుగా చెప్పాలి. మార్చి 3, మంగళవారం, ఫాల్గుణ పున్నమి. ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం. ఇక్కడ మాకు ఆరుంబావు దాటాక చంద్రుడు పట్టుతోనే ఉదయిస్తాడు, 6:47కి విడుపు. మీ ఫ్రీమాంట్‌లో తెల్లవారుజామున 3:04 నుంచి 4:03 దాకా పూర్తిగా ఎర్రగా ఉంటాడు, మీకు విడుపు 5:17కి. రెండూ ఒకే నిమిషం. నేను టెర్రస్ మీద అమ్మతో ఉంటాను. పట్టు చూడనంటోంది. కళ్లు మూసుకుని కూర్చుని, నేను చెప్పగానే తెరిచి విడుపు చూస్తుందట, తర్వాత స్నానం. నువ్వు కూడా ఆ చివరి పాతిక నిమిషాలు బయటికి రా. పాపని తేవద్దు, పురిటిపిల్లకి ఆ చలిగాలి వద్దని అమ్మ మరీ మరీ చెప్పమంది. కిటికీలోంచి చూపించు చాలు. పాప సంక్రాంతి వెళ్లాక పుట్టింది గనక ఆదివారంది దాని మొదటి పున్నమి అట, ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టమంటోంది. మార్చి 3 దానికి రెండోది.

అసలు ఉత్తరం పోస్టులో వస్తుంది, ఎప్పటికి చేరుతుందో ఏమో. ఈలోగా మా అమ్మాయి ఈ కాగితాలన్నీ ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపుతుంది. తేదీ మాత్రం ఇప్పుడే గుర్తు పెట్టుకో. నాలుగూ యాభైకి అలారం పెట్టుకో. మబ్బు లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఈసారి పెట్టెయ్యను.

నీ
స్నేహితురాలు